పెద్దమ్మ ఎక్కిన కొండ

నిన్న కడపలో, మా కాలేజీలో జీవకణం పాఠం చెబుతుంటే, "ఒంట్లో కొవ్వెందుకు సార్, దండగ కదా?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. క్లాసంతా నవ్వింది. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ మా నాన్నగారి అన్న భార్య. బనగానపల్లె దగ్గర వాళ్ళకు మామిడితోట ఉంది. భారీ మనిషి, ఆమె కూర్చుంటే నులక మంచం మూలిగేది, ఆ మూలుగు విని ముందుగా ఆమే నవ్వేది. కోడలికి కాన్పు కష్టమైనప్పుడు, బిడ్డా తల్లీ దక్కితే శ్రీశైలానికి నల్లమల అడవిలోంచి నడిచి వస్తానని మొక్కుకుంది. ఇద్దరూ దక్కారు. పెద్దనాన్న మాత్రం, "ఆ ఒళ్ళేసుకోని కొండెక్కుతావా? బస్సుండాది కదే!" అన్నాడు.

"మొక్కింది నేను. నడిచే పోతా," అందామె.

ఉగాది ముందు బయలుదేరాం. నన్ను తోడు పంపారు. అప్పట్లో నేను చువ్వలా ఉండేవాణ్ణి, క్రికెట్ ఆడేవాణ్ణి. అడవి దారిలో పరుగులాంటి నడకతో ముందుకు పోతుంటే వెనక నుంచి ఆమె కేక: "ఏమప్పా, యాడికంత తొందర? శివుడు యాడికీ పోడులే!"

చివరి నిట్టనిలువు మెట్ల దగ్గర నా కాళ్ళు మొరాయించాయి. కళ్ళు తిరిగి బండ మీద కూలబడ్డాను. కండరాల్లో దాచిన చక్కెరను ఆ ఉరుకులాటలోనే కాల్చేశానని తర్వాత చదువుకున్నాను. కణాల్లోని మైటోకాండ్రియా తిండిని ప్రాణవాయువుతో కలిపి కాల్చి, ఆ శక్తిని ఏటీపీ అనే చిన్న అణువుల్లో నింపుతాయి. అవి విడిపోతేనే కండరం కదులుతుంది. చక్కెర త్వరగా మండుతుంది, త్వరగా అయిపోతుంది. కొవ్వు నిదానంగా మండుతుంది, కానీ నిల్వ బోలెడు. ఊపిరి అందేంత మెల్లగా నడిచేవాళ్ళకు అదే ఎక్కువగా ఆసరా.

కాసేపటికి పెద్దమ్మ, మొదటి నుంచీ నడిచిన అదే నిదానపు నడకతో వచ్చింది. నా చేతిలో బెల్లం, వేయించిన చెనిక్కాయలు పెట్టి, "తిని మెల్లగా రా నాయనా, నేను పోతాండా," అని మెట్లెక్కింది. నేను బెల్లం నములుతూ చూస్తుండగానే ఆమె మలుపు దాటింది.

పైన, మెట్లు ముగిసే కైలాస ద్వారం దగ్గర పెద్దనాన్న బస్సులో వచ్చి ఎదురు చూస్తున్నాడు. నేను చేరేసరికి ఆమె చెమటతో తడిసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమయ్యో, వస్తినా లేదా?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, నలుగురూ చూస్తుండగానే ఆమెకు విసరడం మొదలుపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "హరహర మహాదేవ" అని అరిచారు. పెద్దమ్మ అందరికన్నా గట్టిగా అరిచింది.

అప్పటి నా వేగాన్ని ఏళ్ళు ఎప్పుడో తీసుకుపోయాయి; ఆ అరుపును మాత్రం ఇంతవరకూ ముట్టుకోలేకపోయాయి.