నురగ పోసేవాళ్ల పేరు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. మా పబ్‌లో మొదటినుంచీ ఉందని ఊరంతా నమ్ముతున్న ఆ పద్ధతిని కల్పించింది నేనే.

ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాకు గంటన్నర దూరంలో, గొర్రెల పొలాల మధ్య చిన్న ఊరు మాది. పబ్ నడవాలో నల్లటి చెక్క బోర్డు మీద యజమానుల పేర్లు బంగారు రంగులో వరుసగా ఉంటాయి. మేం వచ్చేనాటికి ఏడుగురు, అందరూ మగవాళ్లే. మొదటాయన ఉన్ని కత్తిరించడానికి వచ్చే కూలీల కోసం నాలుగు గదులు కట్టాడు. రెండో ఆయన హయాంలో వంటగది తగలబడితే, మర్నాడే టార్పాలిన్ కింద నిలబడి బీరు పోశాడట. ఐదో ఆయన ఇరవై ఏళ్లు కౌంటర్ చివర కూర్చుని రేడియోలో గుర్రప్పందేలు విన్నాడు. ఆ ఇరవై ఏళ్లూ పబ్ నడిపింది ఆయన భార్య. ఆఖరాయన తాళం వేసి వెళ్లిపోయిన రెండేళ్లకు మేం వచ్చాం.

ఇదంతా నాకు చెప్పింది ఆ ఐదో ఆయన భార్యే. ఎనభై దాటిన ఆవిడ గురువారం మధ్యాహ్నాలు వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. నలుగురిలో నోరు విప్పని నేను, ఆవిడ దగ్గర మాత్రం ప్రశ్న మీద ప్రశ్న వేసేదాన్ని.

మా నాన్నకు బీరు రుచే తెలియదు. కాన్‌బెర్రా శివారు హారిసన్‌లో ఉన్న ఇల్లు అమ్మి పబ్ తీసుకున్న మొదటి రోజు, గ్లాసులన్నీ అంచు దాకా, నురగ చుక్క లేకుండా నింపాడు. ఆయన దృష్టిలో నురగంటే పాలవాడి మోసం.

"నురగేది మేట్? ఇది బీరా, టీయా?" అన్నాడు ఒక రైతు, చొక్కా మీద ఒలికింది దులుపుకుంటూ.

"ఫుల్ గ్లాస్ ఇచ్చాను సర్! ఒక్క చుక్క తక్కువ లేదు!"

ఆ సాయంత్రమే ఆ పెద్దావిడ కౌంటర్ లోపలికి వచ్చి అమ్మ చేతిలో గ్లాసు పెట్టింది. వంచి పట్టుకోవాలి, నిండుతుండగా నిటారుగా లేపాలి, పైన ఒక వేలి మందాన నురగ ఉంచాలి. మూడో గ్లాసుకు అమ్మకు పట్టుబడింది. ఏడాది తిరిగేసరికి, అమ్మ పోస్తే తప్ప తాగమనేవాళ్లు తయారయ్యారు. వంటా అమ్మదే, సరుకులు తెప్పించడమూ అమ్మే, గొడవపడేవాళ్లను బయటికి పంపేదీ అమ్మే.

బోర్డు మీద ఎనిమిదో పేరు రాసే పని, దస్తూరి బాగుంటుందని, నాకు అప్పజెప్పారు.

"లైసెన్స్ నా మీదుంది కదా, నా పేరు రాసెయ్ చాలు," అన్నాడు నాన్న.

"రాయవే. బోర్డులెక్కడానికి నేనేమన్నా మినిస్టర్‌నా?" అంది అమ్మ. కానీ గ్లాసు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. కళ్లు బోర్డు మీదే ఉన్నాయి.

"అలా కుదరదు నాన్నా." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ పబ్‌లో ఒక రూల్ ఉంది. బీర్ ఎవరు పోస్తే వాళ్ల పేరు కూడా రాయాలి."

నాన్న కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగాడు. "నిజమేనా ఆంటీ?"

ఆవిడ నన్ను చూసింది. నింపాదిగా ఒక గుక్క తాగింది. "ఈ పబ్ పుట్టినప్పట్నుంచీ ఉంది."

"అయితే నా పేరే ఉండకూడదే!" నాన్న పగలబడి నవ్వాడు.

అమ్మ పేరు ముందు రాశాను. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

రెండు గురువారాల తర్వాత ఆవిడ కొడుకు వచ్చి, సముద్రం దగ్గర ఉన్న తన ఇంటికి ఆవిడను తీసుకెళ్లాడు. మళ్లీ చూడలేదు. ఇప్పుడు ఐదో వరుసలో కూడా రెండు పేర్లున్నాయి. ఎందుకని అడిగినవాళ్లకు, ఇక్కడి రూల్ అంతే అంటాను. వెళ్లిపోయిన ఆ రోజు, కారు కదలబోతుండగా ఆవిడ అద్దం దించి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"నీ రూల్ బాగుంది, లవ్. మరి నా పేరెప్పుడు రాస్తావ్?"