పసుపు ఎక్కిన మూలమట్టం

మండపేట వడ్రంగి వీరబ్రహ్మం అనుమానించని మనిషి లేడు. కలప అడితివాడు పచ్చికర్ర అంటగట్టాడంటాడు. ఉలి మొద్దుబారితే పక్కింటివాళ్లు దాంతో కొబ్బరికాయ కొట్టుకున్నారంటాడు. అనుమానం రానిది ఒక్కదాని మీదే: తండ్రి ఇచ్చిన మూలమట్టం. టేకు పిడికి ఇనుప రేకు బిగించిన ఆ పనిముట్టు ఆనించి గీత గీస్తే లంబకోణమే. ఏటా దసరాకి దానికి పసుపు రాసి బొట్టు పెడతాడు. పూజ పసుపు తుడవకూడదని అలాగే ఉంచేస్తాడు.

తొంభై ఎనిమిదిలో, లెక్కల టీచరుగా రిటైరైన సూర్యకాంతమ్మగారు ఇల్లు కట్టుకుంటున్నారు. పాత ఇంటి టేకు గుమ్మాన్నే మళ్లీ నిలబెట్టించారు. దానికి వీరబ్రహ్మం తలుపు బిగిస్తే, పైన ఒక మూల పట్టేసింది, రెండో మూల పావంగుళం సందు.

"ఇంకా ఎనిమిది తలుపులున్నాయి. తణుకు నుంచి వేరే మేస్త్రిని పిలిపించమంటావా, బ్రహ్మం?"

వీరబ్రహ్మానికి ఒకటే భయం: ఈ పని చేజారితే ఊళ్లో ఇంకెవరు పిలుస్తారు?

"ఈ గుమ్మం మా నాన్నగారు ఈ మూలమట్టంతోనే చేశారండి. తలుపూ దీంతోనే చేశాను. మరి తేడా ఎలా వస్తుందండి? గోడ కట్టేటప్పుడు ఈ సత్తియ్యే గుమ్మాన్ని కదిపేసుంటాడు."

తాపీమేస్త్రి సత్తియ్య నోట్లో చుట్ట తీశాడు. "ఆయ్, తొంభై ఆరు తుఫానుక్కూడా నేనే కారణవండి! దారానికి గుండు వేలాడదీసి చూసుకోండి, గుమ్మం నిలువుగానే ఉంది. ముందు మీ మూలమట్టం సంగతి చూసుకోండి, బ్రహ్మంగారూ."

"అదిలా ఇవ్వు," అన్నారు సూర్యకాంతమ్మగారు.

"నాన్నగారిదండి. దానికి పరీక్షేంటండి?"

"మా నాన్న హెడ్మాస్టరే. నాకు పరీక్షలు తప్పాయా?"

ఆవిడ చెక్క అంచుకి పిడిని ఆనించి పెన్సిలుతో గీత గీశారు. "దీనికి అటో కోణం, ఇటో కోణం. కలిపితే సరళకోణం, నూట ఎనభై డిగ్రీలు. ఇలాంటి జంటని సంపూరక కోణాలంటాం. ఇటు పిసరంత తగ్గి అల్పకోణమైతే, అటు అంతే పెరిగి అధికకోణమవుతుంది. ఇటు తొంభై అయితేనే అటూ తొంభై. ఇప్పుడు తిరగేసి అదే చుక్క దగ్గర గీస్తా. నీది నిజంగా లంబకోణమైతే రెండో గీత మొదటిదాని మీదే పడాలి."

పడలేదు. రెండు గీతలూ చుక్క దగ్గర కలిసి, పైకి పోయేకొద్దీ పట్టకారు నోరులా విడిపోయాయి.

వీరబ్రహ్మం ముందు పెన్సిలుని అనుమానించాడు. తర్వాత చెక్క అంచుని. తనే గీసి చూశాడు, అదే నోరు. అప్పుడు మూలమట్టాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. పిడి లోపలి అంచున, రేకు మొదట్లో, ఏళ్ల తరబడి రాసిన పసుపు పెచ్చు కట్టింది. చెక్కకి ఆనుతున్నది పిడి కాదు, ఆ పెచ్చు.

"తప్పయింది నాన్నా," అని గొణిగి ఉలితో గీకాడు. గీశాడు, తిరగేసి గీశాడు. రెండు గీతలూ ఒకటైపోయాయి.

"తలుపు సరిచేసి మిగతావి మొదలెట్టు," అన్నారావిడ. "కాని రోజూ పొద్దున్నే నా ఎదురుగా ఇలా తిరగేసి చూపించాలి."

"నా మీద అనుమానమాండి?"

"నువ్వు పెట్టుకోని చోట నేను పెట్టుకోవాలిగా మరి."

వీరబ్రహ్మం ఇంటికెళ్లి వంటింటి తలుపు ముందు నిలబడ్డాడు. అదీ ఈ మూలమట్టంతో తను చేసిందే, ఆరేళ్లుగా సరిగ్గా పడదు. భార్య బేబి విసిరికొట్టబట్టే అలా అయిందని ఆరేళ్లుగా తగువు. తలుపు మూలకి మూలమట్టం ఆనించి చూశాడు, సందు కనిపించింది.

"ఏంటండీ, మళ్లీ నా మీదేనా?" అంది బేబి.

వీరబ్రహ్మం బందుల స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.