మా చెల్లెలు అర్థం చెప్పిన యాసీన్

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. వచ్చే నెల తెనాలిలో బర్సీ ఫాతెహా. ఆ రోజు వండిన అన్నం ముందు ఖురాన్ చదివి, పోయినవాళ్ల కోసం దువా చేసి, ఆ అన్నం అందరికీ పెట్టడం మా ఆనవాయితీ. మా చెల్లెలు షబానా సీరియళ్లకు డబ్బింగ్ చెబుతూ కృష్ణానగర్‌లో ఉంటోంది. ఫాతెహాలూ దర్గాలూ వద్దని, ఖురాన్‌ను తెలుగులో అర్థం చేసుకుంటూ చదివే ఆడవాళ్ల బృందంలో ఈమధ్యే చేరింది. ఫోన్‌లో పిలిస్తే జారుకుంటుందని స్వయంగా బయల్దేరాను.

రాత్రి తెనాలిలో రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. అక్కణ్నుంచి మెట్రోలో యూసుఫ్‌గూడ దిగి ఆటో ఎక్కాను. "గా గల్లీల బండి తిరగదక్కా, గీడనే దిగు," అని డ్రైవర్ మలుపులోనే దింపేసి వంద తీసుకున్నాడు. షబానా తలుపు తీయగానే డబ్బా చేతిలో పెట్టాను. దర్గాలో ఫాతెహా చదివించి తెచ్చిన మలీదా. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసే ఈ తీపి కోసం చిన్నప్పుడు నాతో కొట్లాడేది. మూత తీసి చూసి, "ఎక్కడ చదివించావక్కా?" అంది. చెప్పాను. మూత పెట్టేసింది. "ఏమనుకోకు, ఇప్పుడివి తినట్లేదు." నాకు ఒళ్లు మండింది. "అమ్మ బర్సీకైనా వస్తావా, అదీ తప్పేనా?" అనేశాను. "అమ్మ కోసం ప్రతి నమాజులో దువా చేస్తున్నా. దానికో తేదీ ఎందుకక్కా?" అంది.

పదకొండింటికి నన్ను ఫిల్మ్‌నగర్‌లో వాళ్ల బృందం కలిసే మేడ మీది హాలుకు తీసుకెళ్లింది. ఒకమ్మాయి ఫాతెహా తప్పెలా అవుతుందని నిలదీసింది. ఇంకొకామె ప్రవక్త కాలంలో అది లేదంది. ఎవరూ గొంతు పెంచలేదు. "అడుగు బిడ్డా, అడగకుంటె ఎట్ల సమజైతది?" అని పెద్దావిడ నవ్వింది. అరబ్బీ పాఠంలో ప్రశ్న అడిగితే బెత్తం దెబ్బ తిన్నదాన్ని నేను. ఆ అమ్మాయిని చూస్తే కుళ్లు పుట్టింది. తర్వాత షబానా లేచి ఖురాన్‌లోని యాసీన్ సూరాకు, అంటే ఆ అధ్యాయానికి, అర్థం చెప్పడం మొదలుపెట్టింది.

ఆ సూరాలోని ఆయత్‌లు, అంటే వాక్యాలు, అన్నీ నాకు కంఠతా వచ్చు. అమ్మ చివరి రోజున తలాపున కూర్చుని చదివింది నేనే. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. మనిషి పోయాక కూడా వెనక వదిలివెళ్లినవి వృథా కావని షబానా తన మంచి గొంతుతో చెబుతుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు కన్నీళ్లు రాలేదు, ఈర్ష్య వచ్చింది. అమ్మతో నాకు మాత్రమే ఉందనుకున్న చోటికి షబానా చెప్పులేసుకుని వచ్చి కూర్చున్నట్టనిపించింది. బయటికి రాగానే, "ఒక్క ఆయత్ కూడా చూడకుండా చదవలేవు, నువ్వు అర్థాలు చెప్తున్నావా?" అన్నాను. షబానా నా వైపు తిరిగింది. "చదవలేను. అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నీకు కదా. నేను పుస్తకం కొనుక్కున్నాను."

తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చుని యాసీన్ చదవబోయాను. నాలుగు ఆయత్‌లు దాటేసరికి చెల్లెలు చెప్పిన తెలుగు మాటలు అడ్డొచ్చాయి. ఆ చివరి రోజున నేను అమ్మకు వినిపించింది ఏమిటో మొదటిసారి తెలిసింది. అయినా ఈర్ష్య తగ్గలేదు. ఆ మాటలు నాకెందుకు ముందు తెలియలేదన్న ఉక్రోషం కూడా దానికి తోడైంది.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: మీవాళ్లను మీ ఇంటి కార్యానికి పిలిచేముందు, వాళ్లు వెళ్లే చోటికి ఒకసారి వెళ్లి కూర్చుని రండి. నేను ముందు పిలిచి తర్వాత వెళ్లాను. షబానా బర్సీకి రావడం లేదు.