ఇన్సేన్‌లో ఇంగ్లిష్ కోచ్ ఆఖరి ఉదయం

రంగూన్ వెళ్తానంటే మా ఇంట్లో ఎవరూ కారణం అడగలేదు, వాళ్లకి వాళ్లే తేల్చేశారు. మావయ్య వాళ్లు అక్కడి తాకేటా పేటలో ఉన్నారు కాబట్టి నేను బావని చూసుకోడానికే బయల్దేరానట. పిన్ని పెట్టెలో పట్టుచీర కూడా సర్దింది. బావ సింగపూర్‌లో ఓడ పనికి వెళ్లి రెండేళ్లయింది. నేను వెళ్లింది యాభై ఆరేళ్ల ఇంగ్లిష్ ఫుట్‌బాల్ కోచ్ కోసం. ఇరవై రెండేళ్లకే పెద్ద జట్టులో ఆడాడు, ముప్పైకి మోకాలు పోయింది, తర్వాత మేనేజరయ్యాడు. ఒక చిన్న జట్టుని పై డివిజన్‌కి ఎక్కించాడు, మరుసటి ఏడాదే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సైప్రస్, మలేషియా తిరిగి చివరికి రంగూన్‌లో తేలాడు. అంతటి మనిషి ఇంత దూరం ఎలా జారిపోయాడో రాయాలనుకున్నాను. ఆయనకి దుబాసీ మా మావయ్యే.

తెల్లవారి ఐదున్నరకి తాకేటాలో బస్సెక్కాం, మనిషికి రెండు వందల చాట్లు, అంటే బర్మా డబ్బులు. పెద్ద స్టేషన్‌లో నగరం చుట్టూ తిరిగే రైలు దొరుకుతుంది. విదేశీయులకి టికెట్ ఒక డాలరు, ఆయన జట్టు మైదానం ఉన్న ఇన్సేన్‌కి దాదాపు గంట. రాజకీయ ఖైదీలుండే ఆ ఊరి జైలు గురించి రైల్లో ఎవరూ మాట్లాడరు, మీరూ అడక్కండి. స్టేషన్ బయట టిఫిన్ అమ్మే దో మ్యా దగ్గర మొహింగా తిన్నాం. చేప పులుసులో బియ్యపు సేమ్యా అనుకోండి. ఆవిడ తండ్రిది గంజాం, తెలుగు బాగానే వచ్చు.

"ఊ అప్పారావ్, నీ తెల్లోడు ఈయేళైనా గెలిపిస్తాడా?" అంది మావయ్యకి గిన్నె అందిస్తూ. పెద్ద మగవాళ్ల పేరు ముందు గౌరవంగా 'ఊ' అంటారక్కడ.

"గెలుపేటి, ఆడికియ్యాల ఆకరి రోజు. వొచ్చే వారం బ్రెజిలోడు వొస్తాడు. నాకు మాత్రం పని ఉంటాదిలే."

"అంత కోపిష్టి తిడితే పిల్లలు ఎలా పడ్డారు మావయ్యా?"

"తిట్లు నాను సెప్తే గదా! 'గాడిదా, బయటికి పో' అంటాడు. నాను 'అలిసిపోనావు నాయనా, కూసేపు కూకో' అంటాను. పదిమందిలో మనిసిని అలాగనేస్తారేటి? ఇక్కడ అనాడే ఉంటాదమ్మా."

ఎదుటివాణ్ణి నొప్పించలేని మొహమాటాన్ని బర్మీయులు అలా అంటారు. దో మ్యా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.

మైదానం మోకాలి లోతు బురద. వాన ఆగలేదు. కోచ్‌ని అక్కడ అందరూ సయాజీ, అంటే పెద్ద గురువుగారు, అంటారు; ఆయన గొంతు చించుకుని అరుస్తున్నాడు. మావయ్య గొడుగు కింద నుంచి మెల్లగా ఏదో చెప్తున్నాడు. కుర్రాళ్లు తల వంచి చిరునవ్వు నవ్వి, మళ్లీ అదే తప్పు చేస్తున్నారు. విరామంలో సయాజీ నా దగ్గరికొచ్చాడు.

"రాస్తావటగా, ఇది రాసుకో. ఒకప్పుడు నేను నోరు తెరిస్తే ఆటగాళ్లు వణికేవాళ్లు. వీళ్లు నవ్వుతున్నారు. నాలో ఏదో చచ్చిపోయింది. ఇంక ఏ జట్టునీ పట్టుకోను."

జేబులోంచి రాజీనామా కాగితం అంచు తడిసి కనిపిస్తోంది. మావయ్య పక్కనే నిలబడి నా మీద గొడుగు పట్టాడు. ఇంగ్లిష్‌లో నేనేం చెప్పినా ఆయనకి అర్థమవుతుంది. ఆ గొడుగు కిందే నిలబడి చెప్పేశాను: మీ తిట్లు వాళ్లకి ఒక్కటి కూడా చేరలేదని.

సయాజీ మావయ్యనే అడిగాడు: "ఏడాదంతానా?"

"మంచి మాటలే చెప్పాను సార్."

కొత్త కోచ్ వస్తున్నాడు కాబట్టి కాగితం ఎలాగూ ఇవ్వాల్సిందే. ఆఫీసులో ఇచ్చే ముందు కింద దుబాసీ గురించి ఒక వాక్యం చేర్చాడు. మధ్యాహ్నానికి మావయ్యని కూడా రేపటి నుంచి రావద్దన్నారు.

తిరుగు రైలు సగం దారి వచ్చాక మావయ్య నా వైపు తిరిగాడు.

"ఆడెలాగూ పోతన్నాడు గదమ్మా. పోయేవోడికి సెప్పి ఏటి సాదించినావు?"

"తప్పు తనదే అనుకుంటూ పోతున్నాడు మావయ్యా."

"మరి ఉండేవోణ్ణి నాను."



ఆ మనిషిని ముంచింది వయసో, గర్వమో అనుకుని వెళ్లాను. ఆఖరి ఏడాది ముంచింది మా మావయ్య మంచితనం. చెడ్డవాడు దొరికి ఉంటే రాయడం తేలికయ్యేది. సయాజీ మళ్లీ జట్టుని పట్టుకుంటాడో లేదో తెలియదు.

రంగూన్‌లో సర్కారు బ్లాగులు తెరవనివ్వదు కాబట్టి విశాఖ వచ్చాక ఇది పెడుతున్నాను. వెళ్లేవాళ్లకి ఒక మాట: డాలర్లని అట్టముక్కల మధ్య పెట్టి తీసుకెళ్లండి, చిన్న మడత ఉన్నా అక్కడ తీసుకోరు.

మావయ్యకి క్షమాపణ ఉత్తరం రాయమని ఇంట్లో అందరూ అంటున్నారు. రాయను.