ఉన్ని కోటు బరువు

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ తూకం అక్కే. పంతొమ్మిదేళ్లుగా పసిపిల్లల ఆహార కేంద్రంలో పిల్లల్ని గుడ్డ ఉయ్యాలలో వేసి, దూలానికి వేలాడే తూకంలో బరువు చూస్తోంది. ఆమెది ఒకటే పట్టు: పిల్ల ఒంటిమీద నూలుపోగు ఉండకూడదు.

మహాతల్లులు వింటేగా! తూకం రోజంటే చాలు, పిల్లల్ని పెళ్లికి బయలుదేరదీసినట్టు ముస్తాబు చేసి తెస్తారు. పిల్ల చిక్కినట్టు నలుగురిలో కనిపిస్తే పరువు పోతుందట. పరువు దక్కుతుంది, గుడ్లూ పాలూ ఆగిపోతాయి. పట్టీలో బరువు ఎర్ర గీత దాటి పైకి వెళితే అదనపు తిండి ఇవ్వరు మరి.

అక్క కాలు బెణికి సెలవు పెట్టిన నెలలో ఆ వీధిలోనే బట్టలు కుట్టే మామ్మ మనవరాలికి సరిగ్గా అదే జరిగింది. అక్క బదులు వచ్చినామె పిల్లని మామ్మ కుట్టిన ఉన్ని కోటుతో సహా తూచి, బరువు బాగుందని పట్టీలో పచ్చ చుక్క పెట్టేసింది. ఈ నెల ఆ పిల్ల పుల్లలాంటి మెడ చూడగానే అక్క మామ్మకు అడ్డంగా నిలబడింది. రెండేళ్లు నిండబోయే పిల్లకు మెడా అది?

"కోటు తియ్యి మామ్మా."

"చలేస్తుందమ్మా దానికి! మా ఇంట్లో తిండి లేదని ఊరంతా చాటుతావా ఏం?"

తనిఖీకి వచ్చిన అధికారి కాగితాల్లోంచి తలెత్తాడు. "ఉండనివ్వమ్మా. ఈ నెల ఒక్క ఎర్ర చుక్క కూడా ఉండకూడదని పైనుంచి మాట."

పైనుంచట! పైవాళ్ల పిల్లలు ఏ ఉయ్యాలలో తూగుతున్నారో!

అక్క నోరు తెరిచేలోపే పిల్ల తల్లి, మామ్మ కోడలు, ముందుకొచ్చింది. ఆరో నెల కడుపుతో ఉన్న మనిషి, అత్త ఎదుట ఏనాడూ నోరెత్తనిది, కోటు గుండీలు విప్పింది. బూట్లు, టోపీ, లోపల రెండు స్వెటర్లు కూడా తీసేసింది. చివరికి పక్కటెముకలు మిగిలాయి. మామ్మ మొహం తిప్పుకుంది.

పిల్ల ఏడు కిలోల ఆరువందల గ్రాములు తూగింది. అక్క అక్కడితో వదల్లేదు. బట్టలన్నీ మూటకట్టి ఉయ్యాలలో వేసింది.

"కిలో మూడొందలు. పోయిన నెల పచ్చ చుక్క పెట్టింది దీనికే సార్. చెప్పండి, గుడ్లు పిల్లకిద్దామా, కోటుకిద్దామా?"

అధికారి పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. అక్కే ఎర్ర చుక్క పెట్టి, ఉడికించిన గుడ్లు రెండు బల్లమీద ఉంచింది.

"ఒకటి పిల్లకి, ఒకటి నీకు. నా కళ్లముందే తినండి," అంది కోడలితో.

గుడ్డు అందుకున్నది మామ్మ. తలెత్తకుండా పెంకు తీసింది. సగం తీసేసరికే పిల్ల రెండు చేతులతో లాక్కుని, పెంకుతో సహా నోట్లో పెట్టుకోబోయింది.