రాజ్యశ్రీ పేరు మీద దేవమణి చదువు

బడి డెబ్బై ఐదేళ్ల పండగ రోజున దేవమణి సాంబారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

పంతొమ్మిదేళ్లుగా ఆ బడిపిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతున్న మనిషి. ఒళ్లు కాలిపోయే జ్వరంతో వచ్చి వండిన రోజున కూడా ఉప్పు మర్చిపోలేదు. ఆవేళ మర్చిపోయిందంటే ఊరికే కాదు. అవతల మైకులో తన సొంత అక్కని పొగుడుతున్నారు. ఆ పొగడ్తల్లో ప్రతి ముక్కా తనది.

సంగతేమిటంటే, ఇది మొదలై యాభై ఏళ్లు దాటింది. చిల్లకల్లు నుంచి పెనుగంచిప్రోలు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు అది. రెండు గదుల బడి. ఇద్దరు పంతుళ్లు. నలభై మంది పిల్లలుంటేనే రెండో పంతులు ఉంటాడు, లేకపోతే ఎటో పంపేస్తారు. ఆ రెండో పంతులే భావనారాయణ మాస్టారు. దేవమణి వాళ్ల అమ్మ పెద్దపిల్ల రాజ్యశ్రీని ఒకటో తరగతిలో చేర్చింది. రాజ్యశ్రీకి పలకంటే పడేది కాదు. రెండు నెలలు వెళ్లి, మూడో నెలలో అమ్మ వెంట మిరప చేలోకి పోయింది. పలక పట్టుకుని అక్క వెనకాల వచ్చే చిన్నది, దేవమణి, మాత్రం బడి మానలేదు. వరండా చివర కూర్చుని, లోపల చెప్పేదంతా నేల మీద వేలితో దిద్దేది.

మాస్టారు లెక్క చూసుకున్నారు. రాజ్యశ్రీ పేరు కొట్టేస్తే ముప్పై తొమ్మిది. చిన్నదాన్ని చేర్చుకుందామంటే ఐదేళ్లు నిండలేదు, పైగా ఏడాది మధ్య. ఒకరోజు దాన్ని లోపలికి పిలిచి మూడో వరుసలో కిటికీ కింద కూర్చోబెట్టారు.

"ఇవాళ్టి నుంచి నువ్వు రాజ్యశ్రీవి. పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అను. జూన్‌లో నీ పేరు ఎక్కిస్తాలే."

పిల్లకి ఎగిరి గంతేసినంత సంబరం. లోపల కూర్చోనిచ్చారు, అంతే చాలు! జూన్ వచ్చింది, పోయింది. అలా ఐదు జూన్‌లు. ఐదో తరగతిలో రోజూ పొద్దున్నే వరసలో నిలబడ్డ పిల్లలందరి చేతా ప్రతిజ్ఞ చెప్పించింది అదే. దాని క్లాసు అయిపోయిన జూన్‌లో మాస్టారికి నందిగామ బదిలీ అయింది. పేరు సంగతి అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఊళ్లో అంగన్‌వాడీ ఆయా ఉద్యోగం పడింది. ఐదో తరగతి పాసైన ఆడమనిషి కావాలన్నారు. దేవమణి చీర కుచ్చెళ్లు సర్దుకుని టీసీ కోసం బడికి పోయింది. కొత్త పంతులు రిజిస్టర్ అంతా తిరగేసి, "నీ పేరే లేదమ్మా. రాజ్యశ్రీ అని ఒకామె ఉంది, ఐదు పాస్," అన్నాడు.

ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ తీర్పు చెప్పేసింది. "ఎవరికొస్తే ఏందే? ఉద్యోగం మన ఇంటికేగా వచ్చేది."

ఉద్యోగం రాజ్యశ్రీ ఇంటికి పోయింది. దేవమణి మిరపకాయలు కోసింది, పత్తి తీసింది, నారుమళ్లలో నడుము విరగ్గొట్టుకుంది. అంగన్‌వాడీకి వచ్చిన కాగితాలు అక్కకి చదివిపెట్టింది కూడా తనే! చివరికి టీసీ అడగని పని దొరికింది. బడిలో వంట. పొద్దున్నే పొయ్యి ముట్టించేటప్పుడు కిటికీలోంచి ఆ మూడో వరుస కనబడేది. అటు చూడకుండా బియ్యం కడుక్కునేది.

ఇక పండగ రోజు. షామియానా వేశారు, ఫ్లెక్సీలు కట్టారు. కమిటీ పెద్ద బుల్లిబాబు, ఇరవై ఎకరాల మిరప రైతు, పట్టు పంచె కట్టి గంటకోసారి "హలో హలో" అని మైకు చూస్తున్నాడు. నందిగామ నుంచి కారులో భావనారాయణ మాస్టార్ని తీసుకొచ్చారు. ఎనభై ఆరేళ్లు, చేతికర్ర, మాట మాత్రం ఖంగుమంటోంది. పక్కన వరండా అంచున గాడిపొయ్యి తవ్వారు. దాని మీద పెద్ద డేగిసాలో సాంబారు. తెడ్డు పట్టుకుని దేవమణి.

మాస్టారు మైకు అందుకున్నారు. "ఈ ఊరి పేటలోంచి ఐదో తరగతి దాటిన మొట్టమొదటి ఆడపిల్ల నా శిష్యురాలు. రోజూ ప్రతిజ్ఞ చెప్పించేది. గంట కొట్టినట్టుండేది గొంతు. రాజ్యశ్రీ! ఎక్కడున్నావమ్మా? రా!"

చప్పట్లు. రాజ్యశ్రీ తల వంచుకుని వేదికెక్కింది. బుల్లిబాబు శాలువా కప్పి దండ వేశాడు. దేవమణి చేతిలో తెడ్డు ఆగిపోయింది. ఉప్పు డబ్బా మూత తీసి ఉంది, చెయ్యి అందులోకి పోలేదు.

హెడ్మిస్ట్రెస్ అహల్య టీచరుకి పాపం ఏమీ తెలియదు. "రాజ్యశ్రీ గారూ, మాస్టారి ముచ్చట తీర్చండి. మా పిల్లల చేత ఒక్కసారి ప్రతిజ్ఞ చెప్పించండి," అంటూ మైకు చేతిలో పెట్టింది.

"నాకు గొంతు బాలేదండి."

"మనోళ్లేగా రాజ్యశ్రీ, మొహమాటమేంది!" అన్నాడు బుల్లిబాబు.

పిల్లలు చేతులు చాచి నిలబడ్డారు. రాజ్యశ్రీ మొదటి వాక్యం అన్నది. రెండోది రాలేదు. మళ్లీ మొదటిదే అన్నది. ముందు వరసలో ఇద్దరు పిల్లలు కిసుక్కుమన్నారు.

అప్పుడు గాడిపొయ్యి దగ్గర్నుంచి గొంతు లేచింది. మైకు లేదు, అక్కర్లేదు కూడా. రెండో వాక్యం నుంచి అందుకుంది దేవమణి. పిల్లలు గిరుక్కున అటు తిరిగి అన్నారు. యాభై ఏళ్ల కిందట ఎక్కడెక్కడ ఆగేదో అక్కడక్కడే ఆగి, చివరిదాకా చెప్పించింది. అది భక్తిగా చెప్పినట్టు లేదు, వీధిలో నిలబడి కడిగేసినట్టుంది. చివరి మాట అయ్యాక తెడ్డుతోనే నడిచి వచ్చి వేదిక ముందు నిలబడింది. తెడ్డు నుంచి చారలు చారలుగా సాంబారు కారుతోంది.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. మీకు రోజూ ప్రతిజ్ఞ చెప్పించిన పిల్ల ఎవరు?"

"దేవమణీ, ఏందిది? పెద్దోళ్లు కూర్చున్నారు," అని బుల్లిబాబు లేచాడు. "వెళ్లు, సాంబారు అడుగంటుద్ది."

"అడుగంటనీండి బుల్లిబాబు గారూ. నా బతుకు అడుగంటినప్పుడు ఎవురన్నా వచ్చి కలిపారా?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గుర్తులేదమ్మా. ఎంతోమంది పిల్లలు..."

"ఎంతోమంది పిల్లలే. పేరు లేని పిల్ల ఒక్కతే గదండీ! మూడో వరస, కిటికీ కింద. ఇన్‌స్పెక్టరొచ్చిన రోజున నా చెవి మెలేసి, దేవమణి అన్నావో తోలు తీస్తానన్నారు. మీ ఉద్యోగం నిలబడింది. మా అక్కకి ఉద్యోగం వచ్చింది. చదివిన నాకు మాత్రం ఈ తెడ్డు."

రాజ్యశ్రీ చేతిలో మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆమె మెల్లగా అన్నా షామియానా అంతా వినబడింది.

"అది చెప్పేది నిజమేనండి. నాకు సంతకం తప్ప ఏం రాదు. ఆ సంతకం కూడా అదే నేర్పింది."

అహల్య టీచరు దిగివచ్చి దేవమణి భుజం పట్టుకుంది. "రికార్డు మార్చే అధికారం నాకు లేదండీ. ఉంటే ఇప్పుడే మార్చేదాన్ని."

"పోనీ ఇంకో శాలువా ఉంది, ఈమెకీ కప్పేద్దాం," అన్నాడు బుల్లిబాబు, గొడవ తీర్చేసినట్టు.

"మీ శాలువా నాకెందుకండీ? పొయ్యి దగ్గర కాళ్లు తుడుచుకోటానికా?"

మాస్టారు కర్ర ఆనుకుని లేచి నిలబడ్డారు. రాజ్యశ్రీ చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఆయన గొంతులో ఇందాకటి ఖంగు లేదు. "తప్పు చేశానమ్మా. అందరి ముందూ ఒప్పుకుంటున్నా. ఈ ఒక్క పనీ చెయ్యనీ." అని, హాజరు పిలిచే పాత రాగంలోనే పిలిచారు. "దేవమణీ..."

ఒక్క మాట అంటే చాలు, అందరి కళ్లూ తడవడానికి సిద్ధంగా ఉన్నాయి. అహల్య టీచరు అప్పుడే ముక్కు తుడుచుకుంటోంది.

"ఆబ్సెంట్ వేసుకోండి," అన్నది దేవమణి. "ఐదేళ్లు రోజూ వచ్చినప్పుడు పిలవలా. ఇవాళ పిలిస్తే పలకటానికి నేనేం ఖాళీగా లేను, అవతల పిల్లలు ఆకలితో ఉన్నారు."

వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. పొయ్యి దగ్గర సాంబారు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలికకి రాసుకుంటే అప్పుడు తెలిసింది, ఉప్పు లేదని. డబ్బా వంక చూసింది. పిల్లల కోసం ఒక బకెట్ నిండా తోడుకుని, దాంట్లో ఉప్పు వేసి, కలిపి, రుచి చూసింది. డేగిసాలో మిగిలినదాన్ని అలాగే రెండో బకెట్‌లో పోసి పెద్దమనుషుల బంతికి పంపింది. బుల్లిబాబు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. మాస్టారు తల వంచుకుని తింటున్నారు. ఉప్పడగడానికి ఆ పొయ్యి దాకా వెళ్లే ధైర్యం ఆ బంతిలో ఒక్కరికీ లేకపోయింది.

పిల్లల బంతి చివర ఒక విస్తరి ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మెడలో దండ లేదు, భుజం మీద శాలువా లేదు. దేవమణి వడ్డించుకుంటూ వచ్చి అక్కడ ఆగింది. అక్క మొహం వంక చూడలేదు. గరిటెడు సాంబారు పోసింది.

"దీంట్లో ఉప్పుందా?" అడిగింది రాజ్యశ్రీ.

"తిని చూడు," అన్నది దేవమణి, అదే కోపంతో. ఇంకో గరిటె పోసి వెళ్లిపోయింది.