భోజన వసతి కలదు

ఇందుకూరుపేట దాటామో లేదో, పక్కాయన ఒళ్ళో ఉన్న మైకు బూర నా పక్కటెముకల్లో దిగింది. మైపాడు పోయే షేర్ ఆటోలో దీన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు. నా సంచీ అప్పటికే, టౌనులో చేపలమ్మి తిరిగొస్తున్న రెబెక్కమ్మ ఖాళీ గంపలో ప్రయాణం చేస్తోంది. బూర ఆయన నొప్పా అని అడగలేదు. నా చేతిలోని పుస్తకాన్ని చూశాడు, నా మొహాన్ని చూశాడు.

"పెద్దాయనా, తమరికి తెలుగు సదవడం వచ్చా?"

"వచ్చు."

"ఈమెయిలు ఉండాదా?"

"ఉంది. బ్యాంకువాళ్ళ పోరు పడలేక పెట్టించుకున్నాను."

ఆయన కళ్ళు మూసుకుని "స్తోత్రం" అన్నాడు. ఆటోలో ఉన్నవాళ్ళంతా తెలుగువాళ్ళే, నోరు తెరిస్తే తెలుగే. ఆయనకు కావలసింది మాత్రం, తనకు తెలుగు వచ్చునని సాయంత్రంలోపు ఈమెయిలు ద్వారా రుజువు చేసుకోగల మనిషి.

ఆయన పేరు సమాధానం. మైపాడులో మైకుసెట్టు నడుపుతాడు. పెళ్ళికైనా, పోలేరమ్మ జాతరకైనా, పార్టీ సభకైనా ఆయన బూరలే కడతారు. కానీ ఆయనకు పేరు తెచ్చింది బూరలు కాదు, తర్జుమా. చర్చి కన్వెన్షన్లకు ఎక్కడెక్కడి నుంచో వచ్చే దొరలు ఇంగ్లీషులో ప్రసంగిస్తుంటే, పక్కన నిలబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెబుతాడు. చాలా ఏళ్ళ కిందట, తర్జుమా చేయవలసిన మాస్టారికి ఉన్నట్టుండి గొంతు పట్టేసింది. మైకు సరిచేద్దామని వేదిక ఎక్కిన సమాధానాన్ని పెద్దలు దిగనివ్వలేదు. ఆ తరువాత ఆయనే దిగలేదు.

ఆయన తర్జుమాకు ఒక పద్ధతి ఉంది. దొర చెయ్యెత్తితే తానూ ఎత్తుతాడు. దొర గొంతు తగ్గిస్తే తానూ తగ్గిస్తాడు. మాట మాత్రం దొరది కాదు. ఒకసారి ఒక దొర, మంచులో కూరుకుపోయిన కారును పొరుగువాళ్ళంతా పారలతో తవ్వి తీసిన కథ చెప్పాడట. మైపాడులో ఏదైనా కూరుకుపోతే ఇసుకలోనే. సమాధానం కారును ఐసు లారీ చేశాడు, మంచును సముద్రపొడ్డు ఇసుక చేశాడు, పొరుగువాళ్ళ చేతుల్లోంచి పారలు లాక్కుని వలతాళ్ళు పెట్టాడు. లారీ బయటపడేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దొరకు తన కథ మీద అపారమైన నమ్మకం కుదిరింది. మరుసటి ఏడు పనిగట్టుకుని వచ్చి గూడూరులో అదే కథ చెప్పాడు. అక్కడ తర్జుమా చేసినాయన నిజాయితీపరుడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు.

"ఆయన చెప్పింది మంచు గదా, మీరు ఇసుక చెయ్యవచ్చా?" అని అడిగాను.

"ఈడ మంచు ఎవురు చూసినారు సార్? ఐసు చూసినారు, అదీ పెట్టెల్లో."

దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళు వర్తకానికి కోఠీ పెట్టుకున్న నాటినుంచి ఈ తీరానికి దుబాసీలు కొత్త కాదు. దొర ఒకటి అడగడం, దుబాసీ ఇంకొకటి చెప్పడం, నేతగాడు మూడోది తెచ్చివ్వడం, అందరూ నవ్వుతూ విడిపోవడం. వ్యాపారం అలాగే సాగి ఉంటుందని నా అనుమానం. మాట ఉన్నదున్నట్టు చేరి ఉంటే మొదటి ఓడే సరుకు లేకుండా వెనక్కి పోయేది. సరే, నేను దారి తప్పాను. ఆటో తప్పలేదు, రొయ్యల గుంటల మధ్య ఎగిరెగిరి పడుతూనే ఉంది.

ఇంతకీ ఈమెయిలు గొడవ ఏమిటంటే: చర్చిలో పాడుతుంటే గోడమీది తెరపై పాట చరణాలు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, పేరు హిమ్‌బోర్డ్. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. నానా దేశాలవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక వేళల్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, నచ్చకపోతే మార్చుకోండి అని బయటపెట్టేశారు. ఇలాంటివాటిని ఓపెన్ సోర్స్ అంటారు. సమాధానం దాన్ని మైపాడు చర్చిలో పెట్టాడు. అది చూసి తీరం పొడుగునా ఉన్న చర్చిలవాళ్ళు, మాకూ పెట్టుకోవడం చెప్పమని ఆయన అన్నం తినే వేళకు ఫోన్లు మొదలుపెట్టారు. వెబ్‌సైటేమో ఇంగ్లీషులో ఉంది. దాన్ని అన్ని భాషల్లోకీ తెస్తాం, అనువాదకులు కావాలి అని ఆ సాఫ్ట్‌వేర్ రాసిన సంఘంవాళ్ళు ప్రకటించగానే సమాధానం చేరిపోయాడు. వానాకాలమంతా కూర్చుని తెలుగు చేశాడు. ఇంగ్లీషులో 'కంప్యూటరు కదలకపోతే ఆపి మళ్ళీ వేయండి' అని ఉన్నచోట, తెలుగులో 'కంగారుపడవద్దు. పాస్టరు గారిని ఇంకొక ప్రార్థన చేయమనండి. ఈలోపల ఆపి మళ్ళీ వేయండి' అని ఉంటుంది.

అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు, ఎవరికీ తెలియదు గనుక. చిక్కు ఆఖరి పేజీతో వచ్చింది. అది నెలనెలా జరిగే సంఘ సమావేశానికి పిలుపు. ఎవరి ఇంట్లో వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని మాట్లాడుకునే సమావేశం. సమాధానం 'అందరూ ఆహ్వానితులే' అని రాసి, కింద తన ఇంటి చిరునామా ఇచ్చి, 'భోజన వసతి కలదు' అని చేర్చాడు.

నెల్లూరు సీమలో గోడమీద కన్వెన్షన్ పోస్టరు చదివినవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు. ఆ ముక్క లేని పోస్టరు అచ్చయినట్టు నేనైతే చూడలేదు.

"అందరూ రండి అని ఊరుకుంటే, ఈళ్ళకు మనం రావడం ఇష్టం లేదురా అనుకుంటారు సార్," అన్నాడు సమాధానం.

పోయిన నెల సమావేశానికి జనం వచ్చారు. పెరట్లో షామియానా వేసి, గోడకు తెర కట్టారు. తెరలో ఫిన్లాండు ఆమె, బ్రెజిల్ ఆయన, ఇంకా ఒకరిద్దరు. తెర ఇవతల అరుగుమీద, ప్రహరీమీద, బోర్లించిన పడవమీద జనం, చేతుల్లో పళ్ళేలు. నలభై భాషల్లో పెట్టినా ఏ భాషనుంచీ ఇంతమంది రాలేదని ఫిన్లాండు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తమ నివేదికలో 'తెలుగు నమూనా' అని ఒక అధ్యాయం రాసుకున్నారు. ఇంతమందిని ఎలా కూడగట్టారు అని అడిగితే సమాధానం దాచలేదు. "సాంబారు, గుడ్డు" అన్నాడు. అది ఏదో కొత్త విధానం పేరనుకుని వాళ్ళు రాసుకున్నారు.

తరువాత ఎవరో తెలుగు పేజీని యంత్రంతో మళ్ళీ ఇంగ్లీషు చేయించి చదివారు. మూలంలో లేనిది అనువాదంలో ఉండకూడదని వాళ్ళకు ఒక నిబంధన. అన్ని భాషలూ సమానమని ఇంకో నిబంధన. కాబట్టి తెలుగులో భోజనం ఎత్తేయాలి, లేకపోతే నలభై భాషల్లోనూ పెట్టాలి. వారాల తరబడి ఈమెయిళ్ళు నడిచాయి. గుడ్డు తిననివాళ్ళ మాటేమిటని ఒకరు, గుడ్డు తప్పనిసరా ఐచ్ఛికమా అని ఒకరు. ఇది తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం సమావేశానికి ఎవరూ రాలేదు. అక్కడ భోజన వసతి లేదు.

చివరికి ఒక తీర్మానం చేశారు. తెలుగు చదవగల రెండో మనిషి ఎవరైనా ఆ పేజీ చదివి, ఈ వాక్యం అక్కడి ఆచారానికి అవసరమేనని ఆమోదించాలి. ఈ సాయంత్రం సమావేశం మొదలయ్యేలోపు ఆమోదం రాకపోతే తెలుగు పేజీలన్నీ వెబ్‌సైటులోంచి తీసేస్తారు.

"ఆ ఒక్క ముక్కా మీరే తీసేస్తే పోదా?" అన్నాను.

"జనం బయల్దేరినారు సార్! కోవూరు నుంచి గూడా వస్తుండారు. పిలిచి, పళ్ళెం ముందర నుంచి లేపితే ఇంక ఈ తీరంలో నా మాట ఎవురు వింటారు?"

"మీ పాస్టరు గారు చదవరా?"

"ప్రార్థన చేసి చెప్తానన్నాడు. ఇంకా చేస్తానే ఉండాడు."

"ఇంట్లోవాళ్ళు?"

"మా ఆడమనిషి కరుణాకుమారి సదివింది. ఆమోదం అని నొక్కింది గూడా. మా ఇద్దరికీ ఒకటే ఫోను. ఒకే మనిషి రెండు పేర్లతో వచ్చినాడని కొట్టేసినారు. ఇన్నేళ్ళ కాపురం సార్, ఒకే మనిషంట!"

"ఒకే మనిషే," అంది రెబెక్కమ్మ, అంతవరకూ నోరు మెదపనిది. "చాకిరీ చేసే కాడ ఒకే మనిషి. అది మా కరుణ."

సమాధానం వినబడనట్టు బూర తుడుచుకున్నాడు. అదే సమయానికి రొయ్యల మేత లారీ ఒకటి గట్టుమీదికి వెనక్కి తిరుగుతూ దారికి అడ్డంగా నిలబడింది. ఆటో నడిపే అశోక్ ఇంజను ఆపాడు. నా ఫోనులో సిగ్నలు కుదురుకుంది.

సంఘంలో సభ్యత్వానికి ఒక్క మీట నొక్కితే చాలు. దానికి ముందు మర్యాద నియమావళి ఒకటి ఉంది, సాఫ్ట్‌వేర్ వాడే విధానం కంటే పొడుగు. ఊరికే ఇచ్చే చోట నిబంధనలు ఇంత దట్టంగా ఉంటాయని సత్రాల్లో పడుకున్న రోజుల్లోనే తెలుసుకున్నాను గనుక, అన్నిటికీ ఒప్పుకుని పేజీ తెరిచాను. హాయిగా ఉంది. అన్నం కలిపి పెడుతూ కంప్యూటరు నేర్పినట్టుంది. ఆఖరి వాక్యం దగ్గర ఆగి, ఊరికే అడిగాను.

"ఇంతమందికి వంట ఎవరు చేస్తారు?"

"మా ఇంట్లోనే సార్."

"ఇంట్లో అంటే గోడలు వండతాయా?" రెబెక్కమ్మ లేచినంత పని చేసింది. "వండేది కరుణ! ఆదివారం ఆదివారం చర్చిలో ఆ తెర నడిపేది ఎవురు? కరుణ! పోయిన సమావేశం అంతా ఆ పిల్ల పొయ్యి కాడ్నే ఉండిందే, ఆ ఫిన్లాండు ఆమె మొకం ఎట్టుంటాదో గూడా చూళ్ళా. పెద్దయ్యా, నొక్కబాకు. ముందర వంట ఎవురో రాయి దాంట్లో."

"అట్టా ఎవురన్నా రాస్తారా అక్కా?" అన్నాడు సమాధానం.

"ఎందుకు రాయరూ? పోస్టరు అడుగున 'మైకుసెట్టు: సమాధానం' అని ఇంత లావున ఏయించుకోవూ? షామియానా ఎవురిదో రాస్తారు, గొంతెత్తి పాడేది ఎవురో రాస్తారు. వంట ఒక్కటే ఆకాశం నుంచి దిగిందా?"

తెరమీద రెండు మీటలున్నాయి. ఒకటి 'ఆమోదించు', రెండోది 'సరిచేసి ఆమోదించు'. సమాధానం నా వేలును చూస్తున్నాడు.

"సార్, సరే. 'వంట: కరుణాకుమారి' అని ఏయండి."

"పేరేసి మళ్ళా దాన్నే పొయ్యి కాడికి తోల్తావా?" అంది రెబెక్కమ్మ. "ఈ పొద్దు అది తెర ముందర కూసోవాల. నీ పేరే ఏయించుకో."

"పోనీ, 'సమాధానం బృందం' అని..."

"ఎవురన్నా ఆ బృందం?" అన్నాడు అశోక్ వెనక్కి తిరక్కుండా. "నన్ను లెక్కేసుకోబాకు."

సమాధానం గొంతు తగ్గించాడు. ఈసారి తగ్గించడానికి పక్కన దొర లేడు. "నాకు వంట రాదక్కా."

"తర్జుమా వచ్చా? మైకు బాగుచెయ్యను ఎక్కి, దిగలేదు గదా. దీనికీ అట్టనే ఎక్కు."

లారీ దారి ఇచ్చింది. బండి కదిలితే సిగ్నలు పోతుందని అశోక్ హెచ్చరించాడు. సమాధానం రొయ్యల గుంటల్లో గాలికోసం నీళ్ళు చిలికే రెక్కల చక్రాలవైపు చూసి, "ఏయండి సార్" అన్నాడు.

వేశాను: 'భోజన వసతి కలదు. వంట: సమాధానం.' కారణం రాయమన్న చోట, ఇక్కడి ఆచారానికి రెండు వాక్యాలూ అవసరమని రాసి, నొక్కాను.

మైపాడు చేరకముందే ఫిన్లాండు నుంచి జవాబు వచ్చింది. తెలుగు పేజీలు ఉంటాయి. మొదటి వాక్యం గురించి వాళ్ళకింకా సందేహాలున్నాయి గాని, రెండోది ఎంతో న్యాయంగా ఉందట. దాన్ని ఇంగ్లీషు మూలంలోనూ, నలభై భాషల్లోనూ చేర్చే విషయమై ఉపసంఘం వేశారట. నేను చదివి వినిపిస్తే రెబెక్కమ్మ, "ఆయమ్మ మొగుడికి గూడా ఉండాది ఈ పొద్దు" అంది.

"తరువాత దీన్ని మార్చుకోవచ్చా సార్?" అని అడిగాడు సమాధానం.

"మార్చవచ్చు. రెండో మనిషి ఆమోదించాలి."

అంటే నేను. నేనేమో అక్కణ్ణుంచి తీరం వెంబడి కృష్ణపట్నం వైపు నడిచిపోతున్నాను.

మైపాడు సెంటర్లో ఆటో ఆగింది. సమాధానం దిగి బూర భుజానికెత్తుకున్నాడు. దొర ఒక్క 'థాంక్యూ' అంటే మూడు వాక్యాలు చెప్పే మనిషి గదా, మాకూ ఏదో చెబుతాడని చూస్తున్నాం. ఆయన నేరుగా హజరత్తయ్య అంగడి ముందుకు పోయి నిలబడ్డాడు.

"హజరత్తయ్యా, సాంబారుకు పప్పు ముందరా, నీళ్ళు ముందరా?"

"నీళ్ళే. ఏం, కరుణమ్మకు ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది. ఎర్రగడ్డలియ్యి."

సంచీ తెచ్చుకోలేదు. బూర తిరగేసి పట్టుకున్నాడు. హజరత్తయ్య ఉల్లిగడ్డలు అందులోకే పోశాడు. దాన్ని రెండు చేతులా కావలించుకుని, గడ్డలు కిందపడకుండా గడ్డం అడ్డుపెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా సమాధానం ఇసుకలో ఇంటివైపు నడిచిపోయాడు.